మా కాలేజీ గురించి మేం రాసుకుంటే వికీపీడియాలో ఎందుకు తీసేస్తున్నారు?

బ్రాడీపేట_మాస్టారు
తెలుగు వికీపీడియాలో రాసే అలవాటున్నవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. గుంటూరులో ఓ డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. పేరు ఇక్కడ అనవసరం. ఈ ఏడాది మాకు స్వర్ణోత్సవాలు. "ఊళ్ళో అన్ని కాలేజీలకీ వికీపీడియాలో పేజీ ఉంది, మనకెందుకు లేదు, తెలుగు మాస్టారు మీరుండగా" అన్నారు కరస్పాండెంట్ గారు. దసరా సెలవులు దానికే పోయాయి. రజతోత్సవ సంచికలో ఉన్న కాలేజీ చరిత్ర మొత్తం టైపు చేశాను. కోర్సుల వివరాలు మా వెబ్‌సైటు నుంచి తీసుకున్నాను. వ్యవస్థాపకుల ఫొటో స్కాన్ చేసి ఎక్కించాను.

రాత్రి పెడితే తెల్లారేసరికి పేజీ లేదు. తొలగింపు చిట్టాలో "కాపీహక్కుల ఉల్లంఘన" అని ఒక్క ముక్క. ఫొటోకీ అదే గతి. పైగా నా చర్చ పేజీలో "ఈ సంస్థతో మీకున్న సంబంధమేమిటో వెల్లడించండి" అని నోటీసు, నేనేదో కేసులో ముద్దాయినైనట్టు.

సంచిక మాది, వెబ్‌సైటు మాది. మా దాంట్లోంచి మేం తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? సంబంధం లేనివాడికి మా కాలేజీ చరిత్ర ఎలా తెలుస్తుంది? ఉత్సవాల బ్రోషర్‌లో వికీపీడియా లింకు వేస్తామని పెద్దాయన అప్పుడే అందరికీ చెప్పేశారు. టెన్షన్‌గా ఉంది.

మిర్చియార్డు_మామ
కరస్పాండెంట్ గారికి "సర్వర్ డౌన్" అని చెప్పండి మాస్టారూ. మా ఆఫీసులో ఆ ఒక్క మాట మీద ఏడాది నడిచింది.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
తెవికీలో నేను చాలాకాలంగా రాస్తున్నాను. మీ పేజీ తీసింది నేను కాదు, అది ముందే చెబుతున్నా. మీరు రెండు గొడవల్ని ఒకటిగా కలిపేశారు. విడదీసి చూడండి.

మొదటిది కాపీహక్కు. పేజీ చూసే నిర్వాహకుడికి అటువైపు కూర్చున్నది ఎవరో తెలీదు. ఒక పేరా తీసి గూగుల్‌లో వేస్తే మీ కాలేజీ వెబ్‌సైటు వస్తుంది, దాని అడుగున "సర్వహక్కులు మావే" అని ఉంటుంది. అది చూశాక పేజీ ఉంచితే తప్పు ఆయనది అవుతుంది. "నేను ఆ కాలేజీవాణ్ణే" అని ఎవరైనా అనొచ్చు.

నిజంగా మీరే హక్కుదారు అనుకుందాం. అప్పుడు కూడా "వికీపీడియాలో వాడుకోండి, మాకు అభ్యంతరం లేదు" అంటే చాలదు. వికీలో పాఠ్యం 2023 నుంచి సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సు కింద ఉంది. అంతకుముందు 3.0. అంటే ఎవరైనా దాన్ని తీసుకుని, మార్చి, అచ్చేసి అమ్ముకోవచ్చు. మూలం ఎవరిదో చెప్పాలి, తాము మార్చినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి, అంతే. మీ కాలేజీ తన సంచికలోని వ్యాసాన్ని అలా వదిలెయ్యడానికి సిద్ధమా? అడిగారా?

రెండోది మీ సంబంధం. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది తేలనివ్వండి.

బ్రాడీపేట_మాస్టారు
అమ్ముకోవచ్చా! అంటే రేపు ఎవడైనా మా వ్యవస్థాపకుల ఫొటో క్యాలెండర్ మీద వేసి వ్యాపారం చేసుకోవచ్చా?

మిర్చియార్డు_మామ
కొనేవాళ్ళు ఉండాలిగా.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
చేసుకోవచ్చు. "వ్యాపారానికి కాకుండా" అని షరతు పెడితే ఆ బొమ్మను కామన్స్ (వికీపీడియా బొమ్మలన్నీ దాచే సైటు) తీసుకోదు. "మార్చకూడదు" అన్నా తీసుకోదు.

సెక్షన్_52
విజయవాడ కోర్టుల్లో ప్రాక్టీసు. పాతపుస్తకం గారు చెప్పింది సరే, ఇంకో మెట్టు కిందికి దిగాలి. మాస్టారూ, రజతోత్సవ సంచికలో ఆ చరిత్ర వ్యాసం ఎవరు రాశారు?

బ్రాడీపేట_మాస్టారు
మా హిస్టరీ లెక్చరర్ గారు, రిటైరయ్యాక రాశారు. ఆయన పోయారు. పిల్లలు అమెరికాలో.

సెక్షన్_52
అయితే సంచిక మీదే కావచ్చు, వ్యాసం మీది కాదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవాడే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో భాగంగా రాస్తే 17వ సెక్షన్ కింద హక్కు యజమానికి పోతుంది. ఈయన రాసేనాటికి ఉద్యోగంలోనే లేరు. హక్కు కాలేజీకి ఇచ్చారనాలంటే కాగితం మీద సంతకం కావాలి, నోటిమాట చెల్లదని 19వ సెక్షన్. కాగితం ఉందా? ఉండదు. మన సావనీర్లకు ఎవరూ రాయించుకోరు. కాబట్టి హక్కు ఆయన వారసులది. రచయిత పోయిన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్ళు.

కృష్ణలంక_కిట్టు
60 ఏళ్ళా!! మాస్టారు రిటైరయి, వాళ్ళ మనవడు రిటైరయ్యాక పెట్టుకోవాలి పేజీ.

సెక్షన్_52
1992కి ముందు 50 ఉండేది. గుంటూరు వాళ్ళకు అర్థమయ్యే లెక్క చెబుతా. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు, 2019 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. జాషువా గారు 1971లో పోయారు, 2032 దాకా ఆగాలి. విశ్వనాథ వారు 1976, అంటే 2037. ఫేస్‌బుక్కులో పద్యం పెట్టి "ఎవరూ ఏమనలేదుగా" అనేవాళ్ళను రోజూ చూస్తాను. ఏమనకపోవడం వేరు, హక్కు ఉండడం వేరు.

కృష్ణలంక_కిట్టు
ఇంత పంచాయితీ దేనికి? ఆ వ్యాసం చాట్‌జీపీటీకి ఇచ్చి "మాటలు మార్చి రాయి" అంటే పని అయిపోయె.

అరండల్‌పేట_అరుణ
అవ్వదు. పదాలు మారి వాక్యాల వరుస, పేరాల వరుస అలాగే ఉంటే అది కూడా కాపీ కిందే లెక్క. నాకు జరిగింది వినండి. ఉండవల్లి గుహల మీద ఒక ఇంగ్లీషు పేపర్లో మంచి వ్యాసం వస్తే తెలుగులోకి చేసి పెట్టాను. నేను రాసిన తెలుగే కదా అనుకున్నాను. అనువదించే హక్కు కూడా మూల రచయితదేనట, చట్టంలో ఉందట. తిరగ్గొట్టేశారు. తర్వాత అదే సమాచారం మూడు నాలుగు చోట్ల చదివి, పేపర్ మూసేసి, నాకు తోచిన వరసలో రాశాను. ఆ ముక్క ఇప్పటికీ ఉంది.

చాట్‌జీపీటీ గురించి ఇంకో మాట. మా తమ్ముడు దానితో ఒక గుడి గురించి రాయించాడు. కింద మూలాలు భలే ఇచ్చింది. వాటిలో ఒక పుస్తకం లోకంలోనే లేదు.

బ్రాడీపేట_మాస్టారు
ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువదించి పెడుతున్నారు కదా చాలామంది? అది తప్పు కాదా?

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
కాదు. అక్కడి పాఠ్యం అదే లైసెన్సులో ఉంది కాబట్టి చెల్లుతుంది. ఏ వ్యాసం నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో, అంటే మార్పు భద్రపరిచేటప్పుడు రాసే చిన్న గమనికలో రాయాలి. రాయనివాళ్ళే ఎక్కువ, అది వేరే ఏడుపు.

అరుణ గారు చెప్పిందే మీకు దారి. ఏ సంవత్సరం పెట్టారు, ఎందరు పిల్లలతో మొదలైంది, ఏ కోర్సు ఎప్పుడొచ్చింది... ఇవి వాస్తవాలు. వీటిమీద ఎవరికీ హక్కు లేదు. లెక్చరర్ గారు వాటిని చెప్పిన తీరు మీద ఉంది. సంచికను మూలంగా చూపించి మీ మాటల్లో రాసుకోండి. వారసుల కోసం అమెరికా ఫోన్లు అక్కర్లేదు.

బెంజిసర్కిల్_బ్రో
మాస్టారూ, ఇవన్నీ మీకెందుకు. మాది పటమటలో డిజిటల్ మార్కెటింగ్. డాక్టర్లకీ, రియల్ ఎస్టేట్ వాళ్ళకీ, ఇద్దరు ముగ్గురు లీడర్లకీ పేజీలు చేయించాం. గూగుల్‌లో పేరు కొడితే కుడివైపు బాక్సు వచ్చేలా ప్యాకేజీ ఉంది. పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
వచ్చాడండీ. ఆ డాక్టర్ల పేజీల్లో "డబ్బు తీసుకుని రాశాను" అని ఎక్కడైనా చెప్పావా తమ్ముడూ?

బెంజిసర్కిల్_బ్రో
ఎందుకు చెప్పాలి అన్నా? పేపర్లో యాడ్ రాసేవాడు సంతకం పెడుతున్నాడా? మేం అబద్ధాలు రాయం. డాక్టరు గారి డిగ్రీలు నిజం, ఆస్పత్రి నిజం.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
పేపర్లో యాడ్‌కు చుట్టూ గీత ఉంటుంది, పైన "ప్రకటన" అని ఉంటుంది. నువ్వు గీత చెరిపేసి వార్త పక్కన అతికిస్తున్నావు. 2014 జూన్ నుంచి వికీమీడియా (వికీపీడియాను నడిపే సంస్థ) వాడుక నియమాల్లోనే ఉంది: డబ్బు తీసుకుని రాస్తే ఎవరిచ్చారు, ఎవరికోసం రాస్తున్నావు అన్నది బయటపెట్టాలి. వాడుకరి పేజీలో చెప్పొచ్చు, వ్యాసం చర్చ పేజీలో చెప్పొచ్చు, దిద్దుబాటు సారాంశంలోనైనా చెప్పొచ్చు. రాయొద్దని ఎవరూ అనడం లేదు. దాచొద్దంటున్నారు.

తెనాలి_తెరవెనక
ప్యాకేజీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా బాబాయి రంగస్థల నటుడు. నాటక పరిషత్తుల్లో బోలెడు బహుమతులు. ఒకాయన హైదరాబాదు నుంచి ఫోన్ చేసి పేజీ చేయిస్తానని 18 వేలు పుచ్చుకున్నాడు. పేజీ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచాం. నెల తిరక్కుండా మీద "తొలగింపుకు ప్రతిపాదన" అని పడింది. అదే మనిషి మళ్ళీ ఫోన్: "లోపల నాకు తెలిసిన అడ్మిన్ ఉన్నాడు, ఇంకో పది ఇస్తే ఆపిస్తా, ఆ తర్వాత ఏటా మెయింటెనెన్సు." బాబాయి ఇచ్చేవాడే, పిన్ని పడనివ్వలేదు. పేజీ పోయింది. ఇన్ని నాటకాలేసిన మనిషి, ఒక్క పత్రిక కటింగు కూడా మూలంగా పెట్టలేదు ఆ మహానుభావుడు. ఊరికే "ప్రఖ్యాత నటుడు, అభినవ" అంటూ పొగడ్తలు.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
ఇది పాత ఆట. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి ముఠా ఒకటి దొరికింది. 381 ఖాతాలు ఒక్క దెబ్బకు నిరోధించారు. ఆరెంజ్‌మూడీ అంటారు ఆ కేసును, ముందు దొరికిన ఖాతా పేరు అది. తిరస్కరించిన ముసాయిదాలు ఎవరివో చూసి, వాళ్ళనే పట్టుకుని, డబ్బిస్తే పెట్టిస్తామనేవాళ్ళు. తర్వాత "కాపాడుతాం" అని మళ్ళీ గుంజేవాళ్ళు. వికీలో ఏ నిర్వాహకుడూ డబ్బు అడగడు. అడిగాడంటే వాడు నిర్వాహకుడు కాదు, లేదా తెల్లారేసరికి నిర్వాహకుడుగా ఉండడు.

బెంజిసర్కిల్_బ్రో
నన్ను వాడితో కలపకండి అన్నా. మేం మెయింటెనెన్సు తీసుకోం.

మిర్చియార్డు_మామ
ఇంకా తీసుకోవడం లేదు అను బ్రో.

బ్రాడీపేట_మాస్టారు
సరే, వీళ్ళ సంగతి వదిలెయ్యండి. నాకు రూపాయి ఇవ్వలేదు. జీతం పాఠం చెప్పినందుకు. నన్నెందుకు ఆ నోటీసుతో అవమానించాలి?

సెక్షన్_52
కరస్పాండెంట్ గారు చెప్పారు, మీరు చేశారు. జీతమిచ్చేవాడి మాట మీద, జీతమిచ్చేవాడి గురించి రాస్తే అది డబ్బుకు రాసినట్టే. విడిగా కవరు ఇవ్వాలనేమీ లేదు. అదే మీరు నన్నయ గురించో ఛందస్సు గురించో రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తెలుగు మాస్టారు తెలుగు గురించి రాస్తే అది ప్రయోజన వైరుధ్యం కాదు.

అరండల్‌పేట_అరుణ
నేను సెక్షన్ గారితో ఒప్పుకోను. చట్టం ప్రకారం సరే. కానీ తెవికీలో కొత్తగా వచ్చినవాళ్ళను మొదటి రోజే నోటీసుతో పలకరిస్తే మళ్ళీ రారు. ఇంగ్లీషులో వేలమంది ఉన్నారు కాబట్టి అంత పట్టింపు నడుస్తుంది. మన దగ్గర రోజూ కనిపించే పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మంగళగిరి_మగ్గం
అరుణ గారూ, నా మనసులో మాట చెప్పారు. మాది చేనేత ఇల్లు. మంగళగిరి చీర మీద వ్యాసంలో అంచు ఎలా వేస్తారు, పడుగు, పేక, నిజాం అంచు అంటే ఏంటి, అన్నీ రాశాను. నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నవి. "మీకు ఈ వ్యాపారంతో సంబంధం ఉందా" అని అడిగారు. ఉంది మరి! మగ్గం గురించి మగ్గమున్నవాడు కాక ఎవడు రాస్తాడు? ఊరూరా ఇంతే. బొమ్మలు చేసేవాడు బొమ్మల గురించి, నాటకాలాడేవాడు నాటకాల గురించి రాయకపోతే అవి అసలు ఎక్కనే ఎక్కవు. తటస్థంగా ఉండేవాడికి తీరిక ఉంటుంది, ఆసక్తి ఉండదు. ఆసక్తి ఉన్నవాడికి సంబంధం ఉంటుంది. వాడు రాయకూడదంటే ఎలా?

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
ఆ వ్యాసం నాకు గుర్తుంది మగ్గం గారూ. మంచి వ్యాసం. మీరు అడుగున మీ షాపు వెబ్‌సైటు లింకు కూడా పెట్టారు. అది కనపడ్డాకే అడిగారు.

మంగళగిరి_మగ్గం
లింకు తీసేశాగా తర్వాత. మిగతాదంతా ఉంచారు, అది నిజమే. కానీ నాన్న చెప్పిన విషయాలకు "మూలం లేదు" అని పడింది. నాన్నే మూలం అంటే కుదరదట.

సెక్షన్_52
కుదరదు. అచ్చయిన చోటు ఏదో ఉండాలి, చదివేవాడు వెళ్ళి సరిచూసుకునేలా. ఆన్‌లైన్‌లోనే ఉండాలని లేదు. ఇది చాలామందికి తెలీదు. పాత పత్రిక, పుస్తకం, పేజీ నంబరు ఇస్తే చాలు.

వన్‌టౌన్_కెమెరా
కాపీరైట్ అన్నారు కాబట్టి నా గోడు. నేను ప్రకాశం బ్యారేజీ ఫొటోలు తీసి కామన్స్‌లో పెడతాను. వరదప్పుడు గేట్లన్నీ ఎత్తినప్పుడు తీసింది ఒకటి బాగా తిరిగింది. ఒక పేపరు మొదటి పేజీలో వేసి కింద "సౌజన్యం: ఇంటర్నెట్" అని రాశారు. వాడుకోవద్దని నేననలేదు, డబ్బూ అడగలేదు. పేరు వెయ్యమన్నాను, లైసెన్సు కోరేవాటిలో మొదటిది అదే. ఫోన్ చేస్తే "వికీపీడియాలో ఉన్నవి ఫ్రీ కదండీ" అన్నాడు సబ్ ఎడిటర్. ఎడిటర్‌కి మెయిల్ పెట్టాను. మర్నాడు ఐదో పేజీలో మూలన సవరణ వేశారు, నా పేరులో రెండు తప్పులు.

కృష్ణలంక_కిట్టు
😂 రెండో సవరణ అడగలేదా?

వన్‌టౌన్_కెమెరా
అడిగితే మూడో తప్పు వస్తుందని ఊరుకున్నా.

బ్రాడీపేట_మాస్టారు
ఫొటో మాట వచ్చింది కాబట్టి, మా వ్యవస్థాపకుల ఫొటో సంగతి చెప్పండి. ఊళ్ళో స్టూడియోలో తీయించింది. ఆ స్టూడియో ఇప్పుడు మొబైల్ షాపు.

సెక్షన్_52
డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు. 17వ సెక్షన్లోనే ఉంది. కాలేజీ డబ్బిచ్చి ఉంటే కాలేజీది, ఆయన సొంతంగా తీయించుకుంటే ఆయన వారసులది. రసీదు ఉందా అని అడగను. ఫొటోల గడువు కూడా ఒక చిక్కు: 2012 సవరణకు ముందు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళు, సవరణ తర్వాత ఫొటోగ్రాఫరు జీవితకాలం, ఆపైన 60. ఏ లెక్కన చూసినా మీ ఫొటోకు కాలం తీరలేదు.

వన్‌టౌన్_కెమెరా
హక్కు కాలేజీదే అని తేలితే కామన్స్ వాళ్ళ అనుమతుల విభాగానికి కాలేజీ అధికారిక మెయిల్ నుంచి, ఫలానా లైసెన్సుతో వదులుతున్నామని రాసి పంపాలి. జీమెయిల్ నుంచి పంపితే నమ్మరు. వలంటీర్లు చూస్తారు, ఆలస్యమవుతుంది. అంతకంటే సులువు... కాలేజీలో ఆయన విగ్రహం ఉందా?

బ్రాడీపేట_మాస్టారు
గేటు లోపల ఉంది. నిలువెత్తు.

వన్‌టౌన్_కెమెరా
ఫోన్ తీసి దాన్ని మీరే ఫొటో తీసి ఎక్కించండి. అయిపోయింది.

సెక్షన్_52
అవును, నా పేరే ఆ సెక్షన్. జనం వచ్చిపోయే చోట శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఫొటో తీస్తే ఉల్లంఘన కాదని 52(1)లో ఉంది. స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఫొటోలు అందరూ పెట్టుకుంటున్నది ఆ ధైర్యంతోనే. గోడ మీద పెయింటింగుకు మాత్రం ఇది వర్తించదు. ఫ్లైఓవర్ స్తంభాల మీద బొమ్మలు తీసి కామన్స్‌లో పెట్టి తర్వాత ఏడవకండి.

బ్రాడీపేట_మాస్టారు
ఒక్కటే ఇబ్బంది. విగ్రహం ఆయనలా ఉండదు. తెనాలిలో చేయించారు, పంపిన ఫొటో సరిగా లేదో ఏమో.

తెనాలి_తెరవెనక
తెనాలి శిల్పుల్ని ఏమీ అనొద్దు. దేశమంతా మా విగ్రహాలే. మీవాళ్ళు పాస్‌పోర్టు సైజు ఫొటో పంపి ఉంటారు.

మిర్చియార్డు_మామ
మాస్టారూ, మీ వ్యాసం మొదటి వాక్యం ఏం రాశారో ఇక్కడ పెట్టండి, చూద్దాం.

బ్రాడీపేట_మాస్టారు
"గుంటూరు నగర నడిబొడ్డున, పేద విద్యార్థుల పాలిట కల్పతరువుగా, విలువలతో కూడిన విద్యకు చిరునామాగా ఐదు దశాబ్దాలుగా విరాజిల్లుతున్న సరస్వతీ నిలయం..." ఇలా మొదలవుతుంది. సంచికలో ఉన్నదే, ఏళ్ళ లెక్క ఒక్కటే మార్చాను.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
"గుంటూరులోని డిగ్రీ కళాశాల." అక్కడ చుక్క పెట్టండి. తర్వాతి వాక్యంలో స్థాపించిన సంవత్సరం, అనుబంధ విశ్వవిద్యాలయం.

బ్రాడీపేట_మాస్టారు
ఇదేం వ్యాసమండీ, రైల్వే టైంటేబుల్‌లా ఉంది. తెలుగు మాస్టారుగా నా పరువేం కావాలి?

అరండల్‌పేట_అరుణ
పరువు మూలాల్లో చూపించండి సార్.

నైన్టీస్_బ్యాచ్
ఇంతసేపూ చదువుతున్నా. మాస్టారూ, మీరు పేరు చెప్పకపోయినా ఏ కాలేజో నాకర్థమైంది, నేనక్కడే చదివా. ఒక్క ప్రశ్న. మీ వ్యాసంలో ఫీజుల సమ్మె ఉందా? కాలేజీ మూతపడింది, పిల్లలు గేటు ముందు నిరాహారదీక్ష చేశారు, పేపర్లలో వచ్చింది. యాజమాన్యం రెండు వర్గాలై కోర్టుకెళ్ళింది కూడా ఆ రోజుల్లోనే.

బ్రాడీపేట_మాస్టారు
స్వర్ణోత్సవాల వేళ అదంతా ఎందుకు నాయనా? సంచికలోనూ లేదు.

నైన్టీస్_బ్యాచ్
సంచికలో ఎందుకు లేదో మీకూ తెలుసు నాకూ తెలుసు. మీకు పంపిన నోటీసు దీని గురించే సార్. మీరు అబద్ధం రాస్తారని కాదు. మీరు ఏది వదిలేస్తారో చదివేవాడికి తెలియాలి కదా.

మంగళగిరి_మగ్గం
అలా అంటే మీరూ తటస్థం కాదు. దీక్షలో కూర్చున్నారా లేదా?

నైన్టీస్_బ్యాచ్
కూర్చున్నా. టెంటు కింద మూడో వరస. నేను రాస్తే సమ్మె తప్ప ఇంకేమీ ఉండదు ఆ వ్యాసంలో, ఒప్పుకుంటా.

సెక్షన్_52
అయితే మీ ఇద్దరికీ సంబంధం ఉంది, ఇద్దరూ చర్చ పేజీలోనే ఉండండి. మాస్టారు తన ఉద్యోగం చెప్పి, కావలసిన వాస్తవాలు మూలాలతో అక్కడ పెడతారు. మీరు మీ పాత విద్యార్థి సంగతి చెప్పి సమ్మె వార్త మూలంతో పెడతారు. మూడో మనిషి చూసి వ్యాసంలోకి ఎక్కిస్తాడు.

మంగళగిరి_మగ్గం
మూడో మనిషి ఎప్పుడొస్తాడు సార్? తెలుగులో చర్చ పేజీల్లో అడిగినవాటికి జవాబు లేక ఏళ్ళ తరబడి పడున్నవి చూపించమంటారా? ఇంగ్లీషు వికీ పద్ధతి ఇక్కడ యథాతథంగా నడవదు. సంబంధం బహిరంగంగా చెప్పాక, మూలమున్న వాక్యాలు నేరుగా వ్యాసంలోనే రాయనివ్వాలి. అభ్యంతరమున్నవాడు తిరగ్గొడతాడు.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
సగం ఒప్పుకుంటా. చీర అంచుకు అది సరిపోతుంది. కాలేజీ, ఆస్పత్రి, లీడరు... వీటికి ఒప్పుకోను. జవాబు రాకపోతే రచ్చబండలో (తెవికీలో అందరూ మాట్లాడుకునే పేజీ) ఒక ముక్క వేస్తే ఎవరో ఒకరు చూస్తారు. ఈ కాలేజీ వ్యాసానికి నేనే చూస్తాను, నాకు గుంటూరులో చుట్టాలు తప్ప ఎవరూ లేరు.

కృష్ణలంక_కిట్టు
ఆ చుట్టాలు ఎక్కడ చదివారో ముందు వెల్లడించండి.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
😄 హిందూ కాలేజీ. సరేనా?

బెంజిసర్కిల్_బ్రో
అన్నా సీరియస్‌గా అడుగుతున్నా. ఇప్పటికే చేసిన పేజీలకు ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? తీసేస్తారా?

ఏలూరురోడ్డు_పాతపుస్తకం
చెప్పినందుకు తియ్యరు. ప్రాధాన్యత లేకపోతే, మూలాలు లేకపోతే తీస్తారు. అవి ఎలాగూ పోయేవే. చెప్పకుండా దొరికితే నీ ఖాతా కూడా పోతుంది. క్లయింట్లకు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

బెంజిసర్కిల్_బ్రో
డాక్టరు గారికి చెప్పడమే కష్టం. ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టుకున్నాడు ఆ పేజీ.

బ్రాడీపేట_మాస్టారు
పొద్దున కరస్పాండెంట్ గారితో మాట్లాడాను. ఎవరైనా దిద్దొచ్చు, సమ్మె సంగతి కూడా రావచ్చు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే బ్రోషర్‌లో లింకు వద్దు, మన వెబ్‌సైటుదే వేద్దాం" అన్నారు. పేజీ మాత్రం నేను వదలను, ఇప్పుడిది నా పని, ఆయనది కాదు. వాడుకరి పేజీలో ఉద్యోగం సంగతి రాశాను. సంచిక ఒక్కటే కాకుండా బయటి మూలాలు కూడా ఉండాలనుకుంటున్నాను, ఆ రోజుల పత్రికలు ఎక్కడ దొరుకుతాయి?

అరండల్‌పేట_అరుణ
ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత పత్రికలు కొన్ని స్కాన్ చేయించారు, ముందు ఆన్‌లైన్‌లో వెతకండి. లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం. 1918 నాటి గ్రంథాలయం, గాంధీ గారు 1929లో శంకుస్థాపన చేసిన భవనం. పాత పత్రికల కోసం పరిశోధకులందరూ వెళ్ళేది అక్కడికే. వార్త ఫొటో తీసి కామన్స్‌లో పెట్టకండి, దానికి కాపీహక్కు ఉంటుంది. తేదీ, పేజీ రాసుకుని రండి చాలు.

నైన్టీస్_బ్యాచ్
మాస్టారూ, మీరు వెళ్తే నేనూ వస్తా. స్థాపన వార్త మీరు వెతకండి, సమ్మె వార్త నేను వెతుకుతా. తెనాలి మీదుగా చీరాల దాటి వెళ్ళే పాసింజరు ఎక్కితే వేటపాలెంలో దిగొచ్చు.

బ్రాడీపేట_మాస్టారు
సరే. ఆదివారం తెరుస్తారా?

అరండల్‌పేట_అరుణ
ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి సార్. పాత సంపుటాలు బయటికి తియ్యాలంటే వాళ్ళకూ కాస్త టైం కావాలి.